చీనీ తోటలో వెన్నెల పెండ్లి: ఒక కేస్ స్టడీ

పెండ్లి ఏర్పాట్లు చూడటం నా పని. ఈ పెండ్లికూతురు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్లో నలభై దాకా ఫోటోలు చూపించింది. ఇంగ్లండ్ పల్లెల్లోని పాత రాతి ఇళ్లు, వాటి ముందు పచ్చిక, తెల్ల కుర్చీలు, చెట్ల మధ్య వేలాడే చిన్న చిన్న బల్బులు. తను రెండేళ్లు అక్కడ చదువుకుంది. స్నేహితురాలి పెండ్లి అలాంటి ఇంట్లోనే చూసింది. "మా ఊర్లో కూడా రాతి మిద్దె ఉంది మేడమ్, చీనీ తోట ఉంది. కల్యాణ మండపం వద్దు, అక్కడే చేసుకుంటాను" అంది. చీనీ అంటే బత్తాయి. వాళ్ల నాయన పక్కన కూర్చుని నేల చూస్తున్నాడు. ఆయన బాధ వేరే. "మండపానికి లెక్క (డబ్బు) లేక తోటలో చేస్తాండారని బంధువులు అనుకుంటారు మ్మా" అన్నాడు.

కూతురి ముచ్చట తీరాలి, నాయన పరువు నిలవాలి. నాకు అప్పజెప్పిన పని ఇదే. కడప జిల్లాలో తోట పెండ్లిళ్లు అడిగేవాళ్లు ఈమధ్య పెరిగారు కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు, లెక్కలతో సహా రాస్తున్నాను. కుటుంబం కోరిక మేరకు పేర్లు, ఊరి పేరు రాయడం లేదు. వేంపల్లె వైపు, పాపాఘ్ని ఏటికి ఎక్కువ దూరం కాని ఊరు అనుకోండి చాలు.

స్థలం చూసిన రెండు పూటలు

తోట పెండ్లికి స్థలం ఒక్కసారి చూసి ఒప్పుకోకూడదు. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి చూడాలి. నేను ఒకే రోజు రెండు పూటలూ ఉండిపోయాను.

ఆరెకరాల తోట. మధ్యలో పెండ్లికూతురి జేజినాయన (తాత) కట్టించిన రాతి మిద్దె. లోపల పడసాల, పైన వెలుతురు కోసం గవాక్షి. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. ముందు వాకిలంతా నల్లటి కడప బండలు పరిచారు. వాకిలికి రెండు వైపులా రెండు పెద్ద వేపచెట్లు, ఉత్తరం పక్క కళ్లం, వెనక దిగుడు బావి. జేజినాయన పోయి ఆరేళ్లయింది. జేజి (అవ్వ) ఒక్కతే అక్కడ ఉంటుంది. తోటలో పని చేసే కుటుంబం పక్కనే ఉంది.

ఫోటో తీస్తే ఇంతకంటే అందమైన చోటు దొరకదు. మూడింటికి చెప్పుల్లేకుండా ఆ బండల మీద నాలుగడుగులు వేశాను, ఐదో అడుగు వేయలేకపోయాను. చేతి థర్మామీటర్ 52 డిగ్రీలు చూపించింది. మన పెండ్లిలో హారతి పట్టేవాళ్లు, పీటల మీద కూర్చునేవాళ్లు, కాళ్లు కడిగేవాళ్లు అందరూ ఉత్త కాళ్లతోనే తిరగాలి. ఇంగ్లండ్ ఫోటోల్లో ఈ సమస్య ఉండదు. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, ఎండ కాలదు, అందరూ బూట్లు వేసుకుంటారు. మనకు మార్చిలో పగలు 38 డిగ్రీలకు దగ్గరగా పోతుంది, ఆరున్నరకల్లా పొద్దు కుంకుతుంది. ఆ ఫోటోల్లోని మెత్తటి బంగారు వెలుతురు మనకు దొరికేది సాయంత్రం ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా, ముక్కాలు గంట. ఆ సంగతి పెండ్లికూతురికి అక్కడే నిలబెట్టి చూపించాను. ఫోటోల కార్యక్రమం అంతా ఆ ముక్కాలు గంటలోకి సర్దుకోవడానికి తను ఒప్పుకుంది.

ఎడమ పక్క వేపచెట్టుకు పెద్ద తేనెపట్టు ఉంది. పెండ్లికూతురి చిన్నాయన దాన్ని పొగబెట్టి తీయిస్తానన్నాడు. నేను వద్దన్నాను. పూత మీదున్న చీనీ తోటకు తేనెటీగలు కావాలి, పైగా తీసేటప్పుడు రేగిన ఈగలు వారం దాకా ఆ చుట్టుపక్కలే తిరుగుతాయి. దాన్ని అలాగే వదిలి, పెండ్లి పందిరిని కుడి వేపచెట్టు దాటి ఇంకా అవతలికి జరిపాం. తేనెపట్టున్న చెట్టు వైపు ఒక్క లైటు తిప్పలేదు, జనరేటర్ పొగ అటు పోకుండా గాలికి దిగువన పెట్టాం, టపాకాయలు పూర్తిగా మానేశాం. పెండ్లి అయ్యేదాకా ఒక్క ఈగ కూడా దిగలేదు.

బావి దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. పెండ్లికూతురికి నీళ్ల మీద దీపాలు తేలాలని ఆశ. ముప్పై అడుగుల లోతు, నడుం ఎత్తు కూడా లేని గోడ, పెండ్లికి వచ్చే పిల్లలు కనీసం అరవై మంది. ఐదడుగుల ఇనుప గ్రిల్ చుట్టూ బిగించి, పైన వల కట్టి, మధ్యాహ్నం నుంచి మరుసటి పొద్దున దాకా ఇద్దరు మనుషుల్ని వంతులేసి కూర్చోబెట్టాను. దీపాలు గ్రిల్ బయట గట్టు మీద వెలిగించాం. తోటలో ఎవరు పెండ్లి చేసినా ముందు బావికి కంచె వేయాలి, తర్వాతే పూల గురించి మాట్లాడాలి.

మిగతావి చిన్నవే కానీ మర్చిపోతే దెబ్బ తగిలేవి. చెట్ల మొదళ్లలో డ్రిప్ పైపులు నేల మీదే ఉంటాయి. చీకట్లో జనం తట్టుకుని పడతారు, బండి ఎక్కితే పైపులు పగులుతాయి. నడిచే దారుల్లో ఉన్న లైన్లన్నీ చుట్టి పక్కన పెట్టించి, మూడో రోజు మళ్లీ వేయించాం. ఊరి నుంచి తోటకు దారి పదడుగుల వెడల్పు, అర కిలోమీటరు. ఎదురెదురుగా రెండు కార్లు పట్టవు. దారి మొదట్లో కోత అయిపోయిన బుడ్డశనగ చేను ఉంటే రైతును అడిగి పార్కింగ్ చేశాం. కారుకు తిప్పుకునే చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు లెక్కేసుకుంటే 90 కార్లకు 55 సెంట్లు కావాలి. అక్కడి నుంచి తోటకు ఆరు ఆటోలు తిరిగాయి. నల్లరేగడి చేలో వాన పడితే బండి దిగబడుతుంది కాబట్టి, ఊరి బడి ఆవరణను కూడా అడిగి ఉంచుకున్నాం. దాని అవసరం రాలేదు.

ముహూర్తం, వెన్నెల

తేదీ గురించి చాలా చర్చ జరిగింది. అయ్యవారు మూడు ముహూర్తాలు ఇచ్చారు. రెండు పగటివి, ఒకటి ఫాల్గుణ శుద్ధ త్రయోదశి రాత్రి 8 గంటల 46 నిమిషాలకు. పెండ్లికొడుకు వాళ్లది కర్నూలు జిల్లా ఆలూరు వైపు. వాళ్ల పెద్దలు పగలు కావాలన్నారు, రాత్రి తిరుగు ప్రయాణం కష్టమని. అప్పుడు జేజి ఒక మాట అంది: "ఒంటిమిట్టలో రాముల పెండ్లి రాత్రే గదా చేసేది. సెందమామ సూడాలని. మన పిల్లదీ అట్లే కానీండి."

మన జిల్లాలో ఈ మాటకు తిరుగు లేదు. మిగతా చోట్ల ఎక్కువగా రాముడి కల్యాణం నవమి నాడు మధ్యాహ్నం జరుగుతుంది. ఒంటిమిట్ట కోదండరాముడిది మాత్రం రాత్రి పండు వెన్నెల్లో చేస్తారు. ఆరుబయట పెండ్లి, అదీ వెన్నెల్లో, మనకు ఫోన్లో చూసి నేర్చుకోవాల్సిన సంగతి కాదు. ఈ పోలికతో పెండ్లికూతురి నాయన మొహం కూడా తేటపడింది. తోటలో పెండ్లి ఎందుకని ఎవరైనా అడిగితే ఆయనకిప్పుడు చెప్పడానికి ఒక మాట దొరికింది. శుభలేఖలో కూడా "వెన్నెల వేళ, మా తోటలో" అని ఒక వరుస రాయించాడు.

త్రయోదశి అంటే పొద్దు కుంకక ముందే చంద్రుడు తూర్పున పైకొచ్చి ఉంటాడు. ముహూర్తం వేళకు బాగా ఎత్తులో ఉంటాడు. దీనివల్ల లైట్లు సగం తగ్గించాను. ఇంకొక లెక్క కూడా ఉంది. శబ్ద కాలుష్య నిబంధనలు 2000 ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకులు, వాద్యాలు మోగకూడదు. 8.46 ముహూర్తం కాబట్టి మేళం, మైకు పదిలోపు ముగించుకోవచ్చు. పదిన్నర ముహూర్తం అయి ఉంటే నేనే వద్దని చెప్పేదాన్ని.

ప్రతి వస్తువుకూ ఒక పని

పెండ్లికూతురు ఇరవై మూడు అంశాల జాబితా రాసుకొచ్చింది, పర్సనల్ టచ్ పేరుతో. అన్నీ ప్రేమతో రాసినవే. నేను ఒక్కొక్కటి చదివి ఒకే ప్రశ్న అడిగాను: ఇది పెండ్లిలో ఏం పని చేస్తుంది? కుర్చీ అయితే కూర్చోవాలి, దీపమైతే దారి చూపాలి, గుడ్డ అయితే ఏదో ఒకదాన్ని కప్పాలి. చూడ్డానికి మాత్రమే పెట్టినవి పది నిమిషాల్లో పాతబడతాయి, గంటలో ఎవరో ఒకరు వాటిమీద నీళ్ల సీసా పెడతారు. పన్నెండేళ్లుగా చూస్తున్నాను, దీనికి మినహాయింపు నాకు కనపడలేదు. ఇరవై మూడులో తొమ్మిది మిగిలాయి.

కుర్చీకొక పేరు చీటీ పెట్టాలనేది ముందే పోయింది. మన పెండ్లికి నలుగురు వస్తామన్నవాళ్లు ఎనిమిది మందిని తీసుకొస్తారు, అది వాళ్ల అభిమానం. పేరు చీటీ చూసి నిలబడిపోయే బంధువును నేను తట్టుకోలేను. చీటీల బదులు మూడు వందల తాటాకు విసనకర్రలు తెప్పించాం. ఒక్కోదాని పిడి దగ్గర పెండ్లికూతురు, ఆమె చెల్లెళ్లు రంగుతో చిన్న చీనీ పూవు వేసి, ఆ పక్కన బంధుత్వం రాశారు: మేనత్తకు, పెద్దనాయనకు, చిన్నబ్బకు, స్నేహితురాలికి. ఎదురుకోలు సాయంత్రం ఐదింటికి. ఆ వేడిలో విసనకర్ర చేతికి రాగానే అందరూ విసురుకోవడం మొదలుపెట్టారు. ఒక్కటి కూడా కింద పడి కనపడలేదు, అన్నీ ఇళ్లకు పోయాయి.

తోలుబొమ్మల దీపాల గురించి కొంచెం చెప్పాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పుడు అదే మేకతోలు మీద అదే రంగులతో దీపాల గూళ్లు కూడా చేస్తున్నాయి. పెండ్లికూతురు పందిరి నిండా అవే కట్టాలంది. అయ్యవారు పెండ్లి పందిట్లో తోలు వద్దన్నారు, జేజి కూడా అదే అంది. నాకు వాళ్ల మాటే సబబనిపించింది. పద్నాలుగు గూళ్లను వాకిలి నుంచి భోజనాల దాకా, అక్కడి నుంచి మరుగుదొడ్ల దాకా దారి పొడవునా గుంజలకు కట్టాం. రంగు తోలు గుండా వచ్చే వెలుతురు మసకగా ఉంటుంది, అడుగు కనపడదు. కాబట్టి ప్రతి గుంజ కింద నేలకు తగిలేలా ఒక చిన్న లైటు కూడా పెట్టించాను. పిల్లలు ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ఇది హనుమంతుడు, ఇది సీతమ్మ అని చెప్పుకుంటూ పోతుంటే, వాళ్ల వెనక ముసలివాళ్లు దారి తప్పకుండా నడిచారు.

లైట్లన్నీ పసుపు రంగువే, లైటు రంగు కొలతలో 2700 కెల్విన్. దీనికి రెండు కారణాలు: ఒకటి అందం, రెండోది పురుగులు. తెల్ల లైటుకు పురుగు ఎక్కువ వస్తుంది. తోట అవతలి అంచున, పార్కింగ్ వైపు, కావాలనే రెండు తెల్ల లైట్లు వెలిగించి పెట్టాం. పురుగులు చాలావరకు అటే పోయాయి.

ఇక జేజి చీర. జాబితాలో మొదటిది అదే, నన్ను ఎక్కువ ఆలోచింపజేసిందీ అదే. యాభై ఆరేళ్ల కిందటి ధర్మవరం పట్టుచీర, ముదురు కుంకుమ రంగు, జానెడు జరీ అంచు. జేజి పెండ్లి చీర. పెండ్లికూతురు దాన్ని, వాళ్లమ్మ చీరల్ని కలిపి పందిరి పైకప్పుగా కట్టాలనుకుంది. జేజి ఎదురు చెప్పలేదు కానీ, నాతో ఒంటరిగా అంది: "పట్టు ఎండకు చీకిపోతాది పాపా. చీరంటే మనిషి పట్టుకునేది. నెత్తి మీద యాలాడదీస్తే అది చీరెట్లయితాది?"

నిజమే. ఎండకు పట్టు రంగు పోతుంది, పోగు బలం పోతుంది. కింద హోమగుండం కూడా ఉంటుంది. రెండు రోజులు ఆలోచించాక తోచింది, అడ్డుతెర. జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెండ్లికూతురికీ పెండ్లికొడుకుకూ మధ్య పట్టుకునే తెరసెల్లకు చీరలాంటి గుడ్డే కావాలి, మనుషులే పట్టుకోవాలి. పెండ్లిలో అంతకంటే పెద్ద పని ఏ చీరకూ ఉండదు. పెండ్లికూతురికి చెప్పగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత తనే ఇంకో అడుగు ముందుకు వేసింది. చీర ఒక కొస జేజి పట్టుకోవాలి అంది.

ఇంట్లో అందరూ మౌనమైపోయారు. మొగుడు పోయిన మనిషి పీటల దగ్గరికి రాకూడదనే పట్టింపు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ఎవరూ ఆ మాట నోటితో అనలేదు, జేజే అంది, "నేనెందుకులే, దూరం నుంచి చూస్తా" అని. నేను ఇలాంటి విషయాల్లో కుటుంబానికి సలహా ఇవ్వను. ఈసారి మాత్రం అయ్యవారిని అడగండి అని చెప్పాను. ఆయన పెద్దాయన, ఆ ఇంట్లో రెండు తరాల పెండ్లిళ్లు చేయించినవాడు. "తెర ఎవరు పట్టినా తెరే. ఆమె చేతి తెర అయితే పిల్లకు ఇంకా మంచిది" అన్నాడు. అంతటితో ముగిసింది.

కళ్లం, బంతులు

పెండ్లికూతురు బఫే అడిగింది, నాయన టేబుళ్లు అడిగాడు. నేను కళ్లం చూపించాను. జేజినాయన చెనిక్కాయ (వేరుశనగ) నూర్చిన చోటు అది. గట్టిగా, సమంగా ఉంది. కార్పెట్ పరిస్తే దుమ్ము దాని మీదే చేరుతుంది. రెండు రోజుల ముందు ఊరి ఆడవాళ్లు పేడనీళ్లతో కళ్లమంతా అలికారు, నూర్పిళ్ల ముందు అలికినట్టే. ఆరాక దుమ్ము లేవలేదు. దాని మీద ఒక వైపు పొడవాటి టేబుళ్లు, కింద కూర్చోగలిగినవాళ్లకు ఇంకో వైపు చాపలు. అందరికీ పులివెందుల వైపు నుంచి వచ్చిన అరిటాకులు. బంతికి 130 మంది, నాలుగు బంతులు, 520 ఆకులు. పిలిచింది 400 మందినే. మిగతాది ఊరు. తోటలో పెండ్లి అంటే ఊరంతా వస్తుంది, ఆ లెక్క ముందే వేసుకోవాలి. రెండు బంతులు ముహూర్తానికి ముందు, రెండు తర్వాత.

వంటల్లో పెండ్లికొడుకు వైపు గుర్తుగా జొన్నరొట్టెలు ఉండాలన్నారు. కేటరింగ్ వాళ్ల రొట్టె గట్టిపడుతుంది కాబట్టి అక్కడికక్కడే తట్టే నలుగురు ఆడవాళ్లను ఆలూరు నుంచే పిలిపించాం. మొదటి బంతికి పెండ్లికొడుకు మేనత్తలు ఇద్దరు పట్టుచీర కొంగు బిగించి పొయ్యి దగ్గర కూర్చుని తామే తట్టారు. ఎవరూ అడగలేదు, వాళ్లంతట వాళ్లే కూర్చున్నారు. రెండు కుటుంబాలూ దగ్గరైంది ఆ పొయ్యి దగ్గరేనని నా నమ్మకం. మిగతావి అలసంద వడలు, చిత్రాన్నం, గుత్తివంకాయ, పప్పు, ఊరుబిండి, గడ్డపెరుగు. తీపి మనకు ఓళిగలు, వాళ్లకు బక్ష్యాలు. ఒకటే వంట కాబట్టి పలకమీద రెండు పేర్లూ రాయించాం. మరుసటి మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు.

వచ్చినవాళ్లకు మొదట ఇచ్చేది తోట చీనీ రసం. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. చీనీ రసం పిండి ఉంచితే కాసేపట్లో చేదెక్కుతుంది. ముందుగా క్యాన్లలో నింపి పెట్టుకోకూడదు. నాలుగు చేతి మిషన్లు పెట్టి, మేనబావలు, మరదళ్లు ఎనిమిది మంది వంతులేసి అప్పటికప్పుడు పిండి ఇచ్చారు. దాంతో ఎదురుకోలు దగ్గర నవ్వులు, ఆటపట్టింపులు వాటంతట అవే వచ్చాయి.

నీళ్లు మనిషికి 24 లీటర్ల చొప్పున 12,500 లీటర్లు వేసుకున్నాం. 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు, మిగతాది తోట తొట్టి నుంచి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు 80. మరుగుదొడ్లు అరవై మందికి ఒకటి చొప్పున తొమ్మిది, ఇంట్లోవి రెండు పోగా ఏడు తెప్పించాం. కరెంటు లెక్క 31 కిలోవాట్లు వచ్చింది. బోరు మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి 62.5 కేవీఏ జనరేటర్ తీసుకున్నాను, అలాంటిదే ఇంకొకటి స్టాండ్‌బై. పొలం బోరుకు ఇచ్చే కరెంటును పెండ్లికి వాడకూడదు. ఎవరైనా ఏమవుతుందిలే అంటే వినొద్దు.

తప్పు జరిగినవి

ఫోటోల దారం. జేజినాయన కాలం నుంచి ఉన్న అరవై ఫోటోలను కాపీలు తీసి, జనపనార తాడుకు క్లిప్పులతో వాకిలి దగ్గర కట్టాం. ఆ చోటు ఎంచింది నేనే, తప్పు నాదే. లోపలికి వచ్చేవాళ్లకు అక్కడ ఎదురుకోలు, పన్నీరు, పలకరింపులు. ఒక్కరూ ఆగి చూడలేదు. ఆరింటికి లేచిన గాలికి ఫోటోలన్నీ మెలితిరిగాయి. మా టీమ్‌లో ఒక కుర్రాడు నన్ను అడక్కుండానే ఆ తాడు విప్పి, గాలి తగలని గోడ పక్కన, బంతి కోసం జనం ఎదురుచూసే చోట కట్టేశాడు. జేజినాయన ఎద్దులతో కళ్లంలో నిలబడ్డ ఫోటో అక్కడికి చేరింది. ఆకు కోసం నిలబడ్డవాళ్లు దాన్ని చూసి, ఎదురుగా ఉన్న కళ్లాన్ని చూసి, ఆయన గురించి మాట్లాడుకున్నారు. ఎదురుచూసే మనిషికి చూడ్డానికి ఏదో ఒకటి కావాలి. ఆ పని దొరికాక ఫోటోలకు ప్రాణం వచ్చింది. నేను పెట్టిన నియమాన్ని ఇక్కడ నేనే మర్చిపోయాను.

బండల వేడి. ఇది ముందే తెలిసిన సమస్య, అయినా దెబ్బ తిన్నాం. మూడున్నరకు బండల మీద నీళ్లు కొట్టి, నాలుగున్నరకు కొబ్బరి పీచు పట్టాలు పరచాలని ప్లాన్. పట్టాలు రెండు చుట్టలు చెబితే ఒకటే వచ్చింది, నీళ్ల ట్యాంకర్ గంట ఆలస్యం. ఐదుంబావుకు మగపెండ్లివాళ్లు దిగే సమయానికి వాకిలి సగం ఇంకా కాలుతోంది. హారతి పళ్లెం పట్టుకున్న ఒక పెద్దమ్మ అడుగు తీసి అడుగు వేయలేక మొహం చిట్లించడం నాకు ఇప్పటికీ కళ్లముందు కనపడుతుంది. తోట మనిషి పరుగున పోయి చీనీకాయలు నింపే గోనెసంచులు ముప్పై తెచ్చి, తొట్టిలో ముంచి పరిచాడు. పది నిమిషాల్లో సర్దుకుంది. పెద్దమ్మకు నేనే చల్లనీళ్లు పోసి కాళ్లు కడిగాను. ఇప్పుడు నల్లబండల వాకిలి ఉంటే ట్యాంకర్‌ను ముందు రోజు రాత్రే రప్పించి నిలబెట్టుకుంటున్నాను, తడి గోనెలు మొదటి నుంచీ ప్లాన్‌లోనే ఉంటున్నాయి.

జనరేటర్ ఏడుంబావుకు ఆగిపోయింది, డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి. నాలుగు నిమిషాల్లో రెండోది అందుకుంది. స్టాండ్‌బైకి 28,000 ఎందుకని కొటేషన్ రోజు అడిగిన నాయన తర్వాత ఆ ఊసెత్తలేదు.

ఖర్చు

తోటలో చేస్తే చవక అనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. పందిరి, డెకరేషన్, పూలు 2,70,000. రాత్రి భోజనాలు ఆకుకు 360 చొప్పున 1,87,200, టిఫిన్లు, మరుసటి రోజు భోజనం 95,000. జనరేటర్లు, డీజిల్, లైట్లు 1,45,000. మరుగుదొడ్లు, నీళ్లు 72,000. మేళం, సౌండ్ 68,000. కూలీలు, దారి బాగుచేయడం, బావి కంచె, తర్వాత శుభ్రం 54,000. నా ఫీజు లక్ష. మొత్తం 9,91,200 రూపాయలు. ఇంతే మందికి కడపలో కల్యాణ మండపం లెక్క వేస్తే దీనికంటే సుమారు డెబ్బై వేలు తక్కువ అయ్యేది. మండపంలో కరెంటు, నీళ్లు, మరుగుదొడ్లు, నేల ముందే ఉంటాయి. తోటలో అవన్నీ ఒక రోజు కోసం మనమే కట్టాలి. డబ్బు మిగులుతుందని తోటకు పోకండి. ఆ ఇంటితో మీకు అనుబంధం ఉంటే పోండి.

తెర తీశాక

పెండ్లి పందిరి సరుగుడు కట్టెలు, పచ్చి కొబ్బరాకులతో. ఆకులు ఆ ముందు రోజు అల్లినవే, ఎండితే నిప్పుకు అంటుకుంటాయి. హోమగుండానికి పైన పన్నెండడుగుల ఎత్తు వదిలి, రెండు మూలల ఇసుక బకెట్లు, ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టాం. చెట్టు కొమ్మ ఒక్కటి కొట్టలేదు. పందిరి ఈశాన్యం వైపు మాత్రం పూర్తిగా ఖాళీగా ఉంచాను, అటు గుంజ లేదు, పూలదండ లేదు. ఎందుకో డెకరేషన్ వాళ్లకు అర్థం కాలేదు.

ఎనిమిదీ నలభైకి జేజి వచ్చి చీర కొస పట్టుకుంది. రెండో కొస పెండ్లికొడుకు మేనత్త పట్టుకుంది, గంట ముందు జొన్నరొట్టెలు తట్టిన చేతులతో. జేజి చేతులు వణికాయి, జరీ అంచు కూడా దాంతో పాటు కదిలింది. మేళం అందుకుంది, తలల మీద జీలకర్ర బెల్లం పడింది, తెర తీశారు. తలంబ్రాలకు పందిరంతా గోలగోలగా ఉంటే జేజి చీరను గుండెకు హత్తుకుని అక్కడే నిలబడింది. దూరంగా పొమ్మని ఎవరూ అనలేదు. మేళం, మైకు పది కొట్టకముందే ఆపేశాం.

పదింటికి అరుంధతీ దర్శనం. కల్యాణ మండపాల్లో ఇది ఎలా జరుగుతుందో మనకు తెలుసు. అయ్యవారు పైకప్పు వైపు వేలు చూపిస్తారు, వాళ్లు చూశామంటారు. మార్చిలో ఆ వేళకు సప్తర్షి మండలం ఈశాన్యాన ఆకాశంలో మూడో వంతు ఎత్తుకు వచ్చి ఉంటుంది. నేల లైట్లు మాత్రం ఉంచి మిగతావన్నీ మూడు నిమిషాలు ఆర్పించాను. వెన్నెల ఉన్నా వసిష్ఠుడు స్పష్టంగా దొరికాడు. పక్కనున్న చిన్న చుక్కను ముందు పెండ్లికూతురు పట్టుకుంది. పెండ్లికొడుకు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, "ఉంది, నిజంగానే ఉంది" అన్నాడు. వెనక చీకట్లో వందల మంది తలలు పైకెత్తి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. పెండ్లికూతురి నాయన తన పక్కన నిలబడ్డ వియ్యంకుడి భుజం మీద చేయి వేసి ఆ చుక్క ఎక్కడుందో చూపిస్తున్నాడు.

మరుసటి పొద్దున సామాను సర్దుతుంటే జేజి పడసాలలో చీర మడత పెడుతోంది. అంచు దగ్గర రెండు చోట్ల జీలకర్ర బెల్లం మరక. కడపకు తీసుకెళ్లి డ్రై క్లీనింగ్‌కు ఇప్పిస్తానన్నాను. "వద్దు పాపా, ఉండనీ" అని మరక లోపలికి వచ్చేలా మడిచి పెట్టెలో పెట్టుకుంది.